తుపాకీ కంపెనీలు రాష్ట్రాలు దాటేది చట్టాల వల్లేనా, లేక అది సాకా?

లేత్_మిషన్
మాది కనెటికట్ నది ఒడ్డున చిన్న మెషిన్ షాపు. పేరు వద్దు. తుపాకీ కంపెనీలకు స్లైడ్లు, బ్యారెల్ బ్లాంకులు, పిన్నులు చేసి పంపుతాం. ఆర్డర్లలో సగం పైగా అవే. మా పెద్ద కస్టమరు అసెంబ్లీ లైను దక్షిణాదికి మారుస్తోంది. ఇక్కడి రాష్ట్ర చట్టాలతో వేగలేం అని సప్లయర్లందరికీ లెటరు పంపారు. మా ఓనరు కూడా అక్కడ ఒక షెడ్డు చూసుకుని వచ్చాడు, నన్ను వస్తావా అని అడుగుతున్నాడు. గ్రీన్ కార్డు వచ్చింది, ఇల్లు కొన్నాం, ఆవిడ ఇక్కడి ఆస్పత్రిలో పనిచేస్తోంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

తుపాకులు మంచివా చెడ్డవా అని అడగడం లేదు. ఒక రాష్ట్రం చట్టం బిగిస్తే అక్కడ తయారుచేసే కంపెనీకి నిజంగా ఏం పోతుంది? సరుకు దేశమంతా అమ్ముకుంటారు కదా. చట్టమే అసలు కారణమా, లేక జీతాలు తగ్గించుకోవడానికి సాకా? కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

పప్పుచారు
తుపాకుల మీద ప్రశ్న వేసి రాజకీయం వద్దన్నాడు. పల్లీలు వేయించుకుని వస్తా, ఎవరూ కదలొద్దు.

సెక్షన్_420
ముందు రెండు రకాల చట్టాలను విడదీసి చూడాలి. అమ్మకాన్ని ఆపేవి వేరు, తయారీని ఆపేవి వేరు.

శాండీ హుక్ స్కూల్ కాల్పులు 2012 డిసెంబరులో జరిగాయి. 2013లో న్యూయార్క్ జనవరిలో, కనెటికట్ ఏప్రిల్‌లో, మేరీలాండ్ మేలో చట్టాలు తెచ్చాయి. ఏఆర్-15 లాంటి సైనిక తరహా రైఫిళ్లు, పది గుళ్లకు మించి పట్టే మ్యాగజైన్లు (తుపాకీకి తగిలించే గుళ్ల పెట్టెలు) ఆ రాష్ట్రాల్లో మామూలు జనానికి అమ్మకూడదన్నారు. ఫ్యాక్టరీలో చేసి బయటి రాష్ట్రాలకు పంపడాన్ని మాత్రం ఆపలేదు. మీరు ఊళ్లో వాళ్లకు అమ్మలేని వస్తువు ఊళ్లోనే తయారుచేసి టెక్సాస్‌కు లారీ ఎక్కించొచ్చు. కాగితం మీద చూస్తే నష్టం చాలా చిన్నది. ఒక రాష్ట్రం మార్కెట్టు పోతుంది, అంతే. ఆ మార్కెట్టు కంపెనీ ఎక్కడున్నా పోతుంది.

ట్రిగ్గర్_తమ్ముడు
కాగితం మీద అంతే లాయరు గారూ. మరి బెరెట్టా ఎందుకు పోయింది? మేరీలాండ్‌లోని ఎకోకీక్‌లో దశాబ్దాలు ఉన్నారు. అమెరికా సైన్యానికి ఎం9 పిస్టల్ చేసింది అక్కడే. 2014లో తయారీ మొత్తం టెన్నెసీలోని గాలటిన్‌కు మారుస్తున్నాం అన్నారు.

సెక్షన్_420
మంచి ఉదాహరణే ఇచ్చారు, అసలు సంగతి అందులోనే ఉంది. మేరీలాండ్ బిల్లు మొదటి రూపంలో తయారీ మీద కూడా దెబ్బ పడేలా ఉంది. కంపెనీ గోల చేస్తే సవరించారు. చివరికి పాసైన చట్టం ఫ్యాక్టరీని ఆపలేదు. అయినా పోయారు. ఈసారి సవరించారు, వచ్చేసారి సవరించకపోతే? వాళ్లు బహిరంగంగా చెప్పిన భయం అదే. నా లెక్కలో పాసైన చట్టం కంటే, మొదటి డ్రాఫ్టులో కనిపించిన ఆ ఒక్క లైనే కంపెనీని కదిలిస్తుంది.

టెన్నెసీ_టమాటా
నేను నాక్స్‌విల్ పక్కనే ఉంటాను. స్మిత్ అండ్ వెసన్ తుపాకీ కంపెనీ మసాచుసెట్స్ నుంచి వచ్చింది మా పక్క ఊరు మేరీవిల్‌కే. అక్కడా అచ్చంగా అదే కథ. మసాచుసెట్స్‌లో 2021లో ఒక బిల్లు పెట్టారు. రాష్ట్రంలో జనానికి అమ్మకూడని రకం తుపాకులను రాష్ట్రంలో తయారు కూడా చేయకూడదు, సైన్యానికీ పోలీసులకూ తప్ప. తమ ఆదాయంలో 60 శాతం పైగా ఆ రకం సరుకు నుంచే అని కంపెనీ చెప్పింది. ఆ బిల్లు పాసే కాలేదు! సెప్టెంబరు ఆఖరులో కంపెనీ ప్రకటన వచ్చేసింది. 12.5 కోట్ల డాలర్ల పెట్టుబడి, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి 550 ఉద్యోగాలు తరలింపు. 2023 అక్టోబరులో ఇక్కడ ప్రారంభం చేశారు.

పప్పుచారు
బిల్లు పాస్ కాలేదు, కంపెనీ మాత్రం ఊరు దాటేసింది. మా కాలేజీలో హాస్టల్ ఫీజు పెంచుతారట అని పుకారు రాగానే రూములు వెతుక్కున్నవాళ్లు గుర్తొచ్చారు.

లెక్కల_మాస్టారు
ఆ తరలింపులో జనం చూడని భాగం ఒకటుంది. అదే ప్రకటనలో మిజోరి రాష్ట్రం కొలంబియాలోని పంపిణీ గోడౌన్ కూడా మూసి మేరీవిల్‌కు తెస్తామన్నారు. మిజోరిలో తుపాకీ చట్టాలు ఎంత వదులుగా ఉంటాయో అందరికీ తెలుసు. ఏ చట్టానికి భయపడి అక్కణ్నుంచి పోయారు? వేర్వేరు చోట్ల ఉన్నవి ఒకచోటికి చేర్చి ఖర్చు తగ్గించుకున్నారు. ఆ పనికి మసాచుసెట్స్ బిల్లు మంచి ముహూర్తంగా దొరికింది.

జీతాలు చూడండి. మసాచుసెట్స్‌లో కనీస వేతనం గంటకు 15 డాలర్లు. టెన్నెసీకి సొంత కనీస వేతన చట్టమే లేదు, ఫెడరల్ 7.25 డాలర్లే. ఫ్యాక్టరీలో ఎవరూ ఆ 7.25కు పనిచేయరు, నిజమే. కానీ మొత్తం జీతాల మెట్టు అక్కణ్నుంచే మొదలవుతుంది. యూనియన్లు బలహీనం, రాష్ట్ర ఆదాయపన్ను లేదు, పైగా ప్రభుత్వం పిలిచి రాయితీలిస్తుంది. అన్నీ కలిపి చూస్తే చట్టం ఎంత, జీతం ఎంత అని విడదీయడం బోర్డు రూములో కూర్చున్నవాళ్లకే కష్టం.

ట్రిగ్గర్_తమ్ముడు
మాస్టారూ, జీతాలే కారణమైతే 2013కు ముందే పోయేవాళ్లు కదా? దక్షిణాదిలో జీతాలు నిన్నగాక మొన్న తగ్గాయా? అందరూ ఒక్కసారే ఎందుకు లేచారు? కనెటికట్‌లోని బ్రిస్టల్ నుంచి పీటీఆర్ 2013లోనే దక్షిణ కరోలినాకు పోయింది. కొలరాడో నుంచి మాగ్‌పుల్. మళ్లీ కనెటికట్‌లోనే న్యూ బ్రిటన్ నుంచి స్టాగ్ ఆర్మ్స్ తర్వాత వయోమింగ్‌లోని షయెన్‌కు. ఇవన్నీ కాకతాళీయమా?

లెక్కల_మాస్టారు
ముందు కూడా పోయారు తమ్ముడూ, అప్పుడు వార్త కాలేదు. మార్లిన్ రైఫిళ్ల కంపెనీ కనెటికట్‌లోని నార్త్ హేవెన్‌లో దశాబ్దాలు నడిచింది. దాన్ని కొన్న రెమింగ్టన్ వర్గం 2011 నాటికి అక్కడ మూసేసి న్యూయార్క్‌లోని ఇలియన్‌కు తీసుకుపోయింది. శాండీ హుక్ ఇంకా జరగలేదు. పోయింది కూడా న్యూయార్క్‌కే, అలబామాకు కాదు.

యుటికా_మంచు
ఇలియన్ పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి. నేను యుటికాలో ఉంటాను, అది మాకు కారులో కూతవేటు దూరం. రెమింగ్టన్ 1816లో మొదలైంది ఆ పరిసరాల్లోనే. ఊళ్లో ఏ వీధిలోంచి చూసినా ఫ్యాక్టరీయే కనిపిస్తుంది. తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోంచి లోపలికి వెళ్లిన కుటుంబాలున్నాయి. 2024 మార్చిలో మూసేసి పని జార్జియాకు తీసుకుపోయారు. చివరికి మిగిలింది 270 మంది దాకా.

మూసేటప్పుడు కంపెనీ న్యూయార్క్ చట్టాల వాతావరణం గురించి రాసింది, జార్జియా మా పరిశ్రమను ఆదరిస్తోందని రాసింది. ఇక్కడ కొందరు నమ్మారు. కొందరు నవ్వారు. ఎందుకంటే 2018లో దివాలా, 2020లో మళ్లీ దివాలా, ఆస్తులు ముక్కలు ముక్కలుగా అమ్మకం. మధ్యలో పెట్టుబడి సంస్థ నెత్తిన పెట్టిన అప్పులు. ఇన్ని దెబ్బలు తిన్న మనిషికి ఆఖరున జలుబు చేస్తే జలుబుతో పోయాడంటామా?

ఇద్దరు_పిల్లల_తల్లి
శాండీ హుక్‌లో వాడిన రైఫిల్ రెమింగ్టన్ వాళ్లదే. ఆ కుటుంబాలతో రెమింగ్టన్ బీమా సంస్థలు 7.3 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్న సంగతి ఎవరూ ఎత్తరేం? 2022 ఫిబ్రవరిలో. చట్టాల వల్ల కంపెనీలకు ఎంత నష్టం, ఎన్ని ఉద్యోగాలు అని లెక్కలు వేస్తున్నారు. ఆ చట్టాలు ఎందుకు వచ్చాయో కూడా ఒక వరుస రాయండి. మా చిన్నది స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చేసి వచ్చి, టేబుల్ కింద ఎలా కూర్చోవాలో నాకు చూపించింది.

ట్రిగ్గర్_తమ్ముడు
అక్కా, బాధ నాకూ ఉంది. కానీ తుపాకీ తయారీ జార్జియాకు మారితే మసాచుసెట్స్ స్కూలుకు భద్రత పెరిగిందా? తయారైన తుపాకీ అదే, సంఖ్య అదే.

ఇద్దరు_పిల్లల_తల్లి
పెరగలేదు. అందుకే అమ్మకం మీద చట్టం అర్థవంతం అంటాను. తయారీని తరిమేయడం మీద నాకేం మోజు లేదు. మీ ఇద్దరూ అనుకుంటున్నంత తేడా మన మధ్య లేదు.

పప్పుచారు
ఏకాభిప్రాయం కుదిరింది!! మోడరేటర్ గారూ, దారం మూసేయండి, ఇంతకంటే మంచి రోజు రాదు.

కొలరాడో_కొండలు
మాగ్‌పుల్ సంగతి నేను చెబుతాను, అప్పుడు నేను వాళ్ల ఊరు ఇరీ పక్క ఊళ్లోనే ఉండేవాణ్ని. వాళ్లు తుపాకులు కాదు, ప్లాస్టిక్ మ్యాగజైన్లు చేసేవాళ్లు. 2013 మార్చిలో గవర్నరు హికెన్‌లూపర్ సంతకం పెట్టారు, 15 గుళ్లు దాటిన మ్యాగజైన్ అమ్మకూడదు. వాళ్లు ఎక్కువగా అమ్మేది 30 గుళ్లవి. వాళ్ల కోసమే తయారీకి మినహాయింపు కూడా బిల్లులో చేర్చారు. చేసుకోండి, బయట అమ్ముకోండి అని.

అయినా ఉండలేదు. 2014 జనవరిలో ప్రకటించారు, తయారీ షయెన్‌కు, ఆఫీసు టెక్సాస్‌కు. ఇక్కడ ట్రిగ్గర్ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, కానీ కారణం అతను చెప్పింది కాదు. కొనేవాళ్లకు కోపం వచ్చింది. మమ్మల్ని నేరస్తుల్లా చూసే రాష్ట్రానికి పన్ను కట్టే కంపెనీ సరుకు మేమెందుకు కొనాలి అని. తుపాకీ కొనేవాళ్లు ఈ విషయంలో చాలా పట్టింపు మనుషులు. షయెన్ ఏమీ దూరం కాదు, కొలరాడో సరిహద్దు పక్కనే. ఫోర్ట్ కాలిన్స్ నుంచి రోజూ వెళ్లి రావచ్చు.

2013 సెప్టెంబరులోనే ఈ చట్టాలకు ఓటేసిన ఇద్దరు రాష్ట్ర సెనేటర్లను జనం రీకాల్ చేశారు, అంటే ఓటు వేసి మధ్యలోనే పదవి నుంచి దించేశారు. చట్టం మాత్రం అలాగే ఉంది. కంపెనీ తిరిగి రాలేదు.

హార్ట్‌ఫర్డ్_అల్లుడు
కొనేవాళ్ల కోపం అనేది చిన్న విషయం కాదు. స్మిత్ అండ్ వెసన్‌ను 1987లో టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ కంపెనీ 11 కోట్ల డాలర్ల పైచిలుకు పెట్టి కొంది. 2000 మార్చిలో క్లింటన్ ప్రభుత్వంతో భద్రత ఒప్పందం చేసుకున్నారు, తాళాలు పెడతాం, డీలర్ల మీద నిఘా పెడతాం అని. జనం బహిష్కరించారు. మరుసటి ఏడాది టామ్‌కిన్స్ ఆ కంపెనీని 1.5 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. ఇది చూసిన ఏ తుపాకీ కంపెనీ సీఈఓ అయినా రాష్ట్ర ప్రభుత్వంతో సర్దుకుపోయాం అనిపించుకోడు. తరలింపు ప్రకటనల్లో చట్టం గురించి అంత గట్టిగా రాయడానికి సగం కారణం ఇదే. ఆ లెటరు చదివేది గవర్నరు కాదు, కొనేవాడు.

లేత్_మిషన్
ఈ కోణం నాకు తట్టలేదు. మాకు వచ్చిన లెటరు కూడా చదివితే ప్రెస్ నోట్ లాగే ఉంది, సప్లయరుకు రాసినట్టు లేదు. ఎన్ని నెలలు పాత ఆర్డర్లు ఉంటాయి, డ్రాయింగులు మారతాయా, ఒక్క ముక్క లేదు.

హెచ్‌వన్_బాధితుడు
ఒక డౌటు. నాది మెకానికల్, హెచ్1బీ. ఇలాంటి కంపెనీల్లో మనవాళ్లకు ఉద్యోగం ఇస్తారా అసలు?

సెక్షన్_420
చాలా కష్టం. రెండు అడ్డంకులు, రెండూ ఫెడరల్. సైనిక ఆయుధాల డ్రాయింగులు ఐటార్ అనే ఆయుధాల ఎగుమతి నియమాల కిందకి వస్తాయి, పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో కాకపోతే చూపించడమే ఎగుమతితో సమానం. 2020 మార్చిలో మామూలు తుపాకులను ఐటార్ నుంచి వాణిజ్య శాఖ నియమాల కిందకి మార్చారు కానీ, విదేశీయుడికి టెక్నాలజీ చూపించే గొడవ పూర్తిగా పోలేదు. రెండోది, నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాడు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. లేత్ మిషన్ గారికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఈ తలనొప్పి లేదు.

పప్పుచారు
అంటే హెచ్1బీ వాడు తుపాకీ ఫ్యాక్టరీలో చేరాలంటే ముందు జింకల వేట నేర్చుకోవాలి. ఇంకేం, రెజ్యూమేలో రాసెయ్, జావా, స్ప్రింగ్, జింకలు.

విశాఖ_అలలు
మన దగ్గర ఇలాంటి గొడవ ఎందుకు లేదు? ఆంధ్రలో ఒక చట్టం, తెలంగాణలో ఒక చట్టం ఉంటే కంపెనీలు అటూ ఇటూ పరిగెత్తేవి కదా.

సెక్షన్_420
మన రాజ్యాంగంలో ఆయుధాలు కేంద్ర జాబితాలో ఐదో అంశం. 1959 ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒకటే. లైసెన్సు కాగితం ఇక్కడి అధికారి చేతిలో ఉన్నా చట్టం ఢిల్లీదే. అందుకని మన రాష్ట్రాలు ఫ్యాక్టరీ కోసం పోటీ పడితే భూమి, కరెంటు, రాయితీల మీదే పడాలి. అమెరికాలో వీటికి తోడు చట్టం కూడా వేలంపాటలోకి వచ్చింది.

విచిటా_వీరుడు
వేలంపాట మాట బాగుంది. మా కాన్సస్ వాళ్లు ఆ పాటలో మరీ ముందుకు పోయి దెబ్బ తిన్నారు. 2013లో ఒక చట్టం చేశారు. కాన్సస్‌లో తయారై, కాన్సస్ దాటని తుపాకీ సామానుకు ఫెడరల్ చట్టం వర్తించదు అని. స్థానిక తయారీదారులకు పండగే అనుకున్నారు. చనూట్ అనే చిన్న ఊళ్లో ఒకాయన ఆ చట్టం కాపీ షాపులో పెట్టుకుని సైలెన్సర్లు చేసి అమ్మాడు. ఫెడరల్ కోర్టు అతనికీ, కొన్న కుర్రాడికీ శిక్ష వేసింది. రాష్ట్ర చట్టాన్ని నమ్మి చేశాం అంటే పై కోర్టు కూడా ఒప్పుకోలేదు. అంతకుముందు మోంటానా ఇలాంటిదే తెస్తే అక్కడా కోర్టులో నిలవలేదు.

కాబట్టి కఠిన చట్టం ఒక్కటే తయారీదారుకు ముప్పు అనుకోవద్దు. మీ పక్షాన ఉన్నాం అని ఊదరగొట్టే చట్టం నమ్మినవాడు జైలు మెట్ల దాకా వెళ్లాడు. పెద్ద కంపెనీలకు లాయర్లుంటారు, దాన్ని ముట్టుకోరు. చిన్నవాడే ఇరుక్కున్నాడు.

ట్రిగ్గర్_తమ్ముడు
సరే, కాన్సస్ అతి చేసింది, ఒప్పుకుంటా. కానీ నిజంగా పనికొచ్చే చట్టాలూ ఉన్నాయి. న్యూ హాంప్‌షైర్‌లో సిగ్ సావర్ ఉంది, పీ320 పిస్టల్ మీద దేశమంతా కేసులు. 2025లో ఆ రాష్ట్రం చట్టం చేసింది, ఫలానా సేఫ్టీ మీట లేదన్న కారణం మీద తయారీదారు మీద దావా వేయకూడదని. అదీ సొంత కంపెనీని కాపాడుకోవడమంటే. మరోవైపు న్యూయార్క్ 2021లో తుపాకీ కంపెనీల మీద దావాలు సులువు చేస్తూ చట్టం తెచ్చింది. మీరే సీఈఓ అయితే ఎక్కడుంటారు?

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆ పీ320 మీద ఆరోపణ ఏంటో కూడా చెప్పు తమ్ముడూ. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందని. కేసులు వేసినవాళ్లలో పోలీసులున్నారు. తన రాష్ట్రంలో ఫ్యాక్టరీ ఉంది కాబట్టి కోర్టు తలుపు సగం మూసేస్తే, అది పరిశ్రమను కాపాడటమా, గాయపడ్డవాణ్ని బయట నిలబెట్టడమా?

ట్రిగ్గర్_తమ్ముడు
కంపెనీ ఆ ఆరోపణను ఒప్పుకోవడం లేదు. కొన్ని కేసులు గెలిచింది, కొన్ని ఓడింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
అదే అంటున్నా, గెలవనీ ఓడనీ, కోర్టులో తేలనివ్వాలి.

మోడరేటర్
ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు, అలాగే సాగించండి. పీ320 కావాలా అని నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టిన మహానుభావుడికి, ఇది అమ్మకాల వేదిక కాదు. రెండు పోస్టులు తీసేశాను.

హార్ట్‌ఫర్డ్_అల్లుడు
దావాల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. న్యూయార్క్‌లో దావా వేయడానికి కంపెనీ న్యూయార్క్‌లో ఉండక్కర్లేదు, అక్కడ సరుకు అమ్మితే చాలు. జార్జియాకు మారితే ఆ చట్టం నుంచి తప్పించుకున్నట్టు కాదు.

ఇక కోల్ట్ తుపాకీ కంపెనీ సంగతి ఎవరూ ఎత్తలేదు. వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లోనే ఉంది. అంత కఠిన చట్టాల కనెటికట్‌లో 2013 తర్వాత కూడా కదల్లేదు. 2015లో దివాలా పెట్టింది, కానీ కారణం చట్టం కాదు. 2013లో సైన్యం ఇచ్చే ఎం4 కార్బైన్ (పొట్టి రైఫిల్) ఆర్డరు దక్షిణ కరోలినాలో ఫ్యాక్టరీ ఉన్న ఎఫ్ఎన్ కంపెనీకి పోయింది. దానికి తోడు అప్పులు. 2021లో చెక్ కంపెనీ సీజెడ్ కొనుక్కుంది. సైన్యానికీ, విదేశీ ప్రభుత్వాలకూ అమ్మేవాడికి రాష్ట్రంలో జనానికి ఏం అమ్మకూడదన్నా పెద్ద తేడా పడదు. జనానికి ఏఆర్‌లు అమ్ముకుని బతికేవాడికి పడుతుంది. మీ కస్టమరు ఏ రకం?

లేత్_మిషన్
జనానికి అమ్మే పిస్టళ్లే ఎక్కువ.

హార్ట్‌ఫర్డ్_అల్లుడు
అయితే పోతారు. ఆపడం ఎవరి తరమూ కాదు.

చేతిపని_చంద్రం
ఇంతసేపు చదివాను. నేను 1990ల నుంచి ఇదే నది ఒడ్డున టూల్‌రూములో ఉన్నాను. అందరూ కంపెనీ, చట్టం, జీతం అంటున్నారు. పని గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఈ లోయలో తుపాకుల పని ఎందుకుంది? స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1794 నుంచి ప్రభుత్వ ఆయుధాగారం ఉండేది. ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీకి సరిపోయేలా గేజీలు (కొలత చూసే పనిముట్లు) పెట్టి చేయడం అమెరికాలో బాగా పట్టుబడింది ఈ లోయలోనే. ఆ మిషన్లు చేసినవాళ్లే తర్వాత కుట్టుమిషన్లకు, సైకిళ్లకు, కార్లకు మిషన్లు చేశారు. 1968లో ఆ ఆయుధాగారాన్ని మూసింది ఫెడరల్ ప్రభుత్వమే. అప్పుడు ఏ రాష్ట్ర తుపాకీ చట్టమూ అడ్డం లేదు. పెద్దవాళ్లు ఇప్పటికీ దాని గురించే ఎక్కువ బాధపడతారు.

స్మిత్ అండ్ వెసన్ ఏం తీసుకుపోయిందో, ఏం వదిలిపెట్టిందో చూడండి. ప్లాస్టిక్ మోల్డింగ్ పోయింది. పిస్టల్, పొడుగు తుపాకుల అసెంబ్లీ పోయింది. ఆఫీసు పోయింది. ఫోర్జింగ్, మెషినింగ్, ఫినిషింగ్, రివాల్వర్లు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉంచుతాం అన్నారు, వెయ్యి ఉద్యోగాల దాకా. టెన్నెసీ అంటే ప్రేమ తక్కువై కాదు. డ్రాప్ హామర్ (ఫోర్జింగ్ చేసే భారీ సుత్తి మిషన్) కదపడం అంటే పునాది తవ్వడం. దాన్ని నడిపే చేతులు కదలవు. రివాల్వర్ టైమింగ్, అంటే గుళ్ల చక్రం సరిగ్గా బ్యారెల్‌కు ఎదురుగా ఆగేలా సరిచేసే మనిషి మేరీవిల్‌లో ప్రకటన ఇస్తే దొరకడు.

కదిపితే ఏమవుతుందో మార్లిన్ చూపించింది. నార్త్ హేవెన్ నుంచి పాత మిషన్లు ఇలియన్‌కు లారీల్లో పోయాయి, మనుషులు పోలేదు. ఆ మిషన్లకు సరైన డ్రాయింగులు కూడా లేవు. ఏ ఫిక్స్చర్ (ముక్కను బిగించి పట్టే సాధనం) కింద ఎంత మందం రేకు పెట్టాలో పాత ఆపరేటర్ల తలల్లో ఉండేది. తర్వాత కొన్నేళ్లు వచ్చిన రైఫిళ్లను జనం రెమ్లిన్ అని ఎగతాళి చేశారు. గురి చూసే సైటు ఒక పక్కకు వంగి ఉండేది, కర్రకూ లోహానికీ మధ్య సందు. చివరికి రెమింగ్టన్ 2020 దివాలా అమ్మకంలో మార్లిన్‌ను రూగర్ కంపెనీ కొని, ఉత్తర కరోలినాలో కొత్త సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మిషన్ల మీద మొదటి నుంచి మళ్లీ డిజైన్ చేసుకుంది. ఇప్పుడవి బాగున్నాయి. కానీ మధ్యలో ఎన్నేళ్లు, ఎంత పరువు పోయిందో.

టెన్నెసీ_టమాటా
చంద్రం గారి పోస్టు ప్రింటు తీసుకోవాలి. ఇక్కడ కంపెనీ కమ్యూనిటీ కాలేజీతో కలిసి శిక్షణ ఇస్తోంది, నేర్చుకునే పిల్లలు చురుకైనవాళ్లే. కానీ టూల్‌మేకర్ కావడానికి ఏళ్లు పడుతుంది.

లెక్కల_మాస్టారు
రాయితీలు చూసి మురిసిపోయే రాష్ట్రాలకు అలబామాలోని హంట్స్‌విల్ ఒక పాఠం. 2014లో అలబామా రెమింగ్టన్‌ను పిలిచి దాదాపు 7 కోట్ల డాలర్ల రాయితీలిచ్చింది. 2000 ఉద్యోగాల దాకా వస్తాయన్నారు. అంత ఎప్పుడూ రాలేదు. 2020 దివాలాతో అదీ మూతపడింది. చట్టాలు ఎంతో అనుకూలంగా ఉన్న రాష్ట్రం మరి.

ఇంకో తమాషా. ఈ పరిశ్రమకు అమ్మకాలు పెరిగేది చట్టం వస్తుందన్న భయంతోనే. 2013లో తుపాకీ కొనేవాళ్ల మీద ఎఫ్‌బీఐ నేపథ్య తనిఖీలు 2.1 కోట్లు. కరోనా, ఎన్నికలు కలిసిన 2020లో 3.97 కోట్లు. ట్రంప్ మొదటిసారి గెలిచాక చట్టం రాదనే ధీమాతో అమ్మకాలు పడిపోయాయి, రెమింగ్టన్ 2018 దివాలాకు అదీ ఒక కారణం. తుపాకులను ఇష్టపడే అధ్యక్షుడు వస్తే తుపాకీ కంపెనీ మునుగుతుంది.

పప్పుచారు
అయితే కంపెనీలు రహస్యంగా ఎవరికి ఓటేస్తాయో నాకు అర్థమైంది.

లేత్_మిషన్
చంద్రం గారూ, మాది బ్యారెల్ పనే ఎక్కువ. డీప్ హోల్ డ్రిల్లింగ్, రీమింగ్, హానింగ్. హీట్ ట్రీట్‌మెంట్ బయట చేయిస్తాం. ఓనరు ఇవన్నీ అక్కడికి తీసుకుపోగలడా?

చేతిపని_చంద్రం
గన్ డ్రిల్ మిషన్ (లోతైన రంధ్రం తొలిచేది) తీసుకుపోవచ్చు, అదేం పెద్ద విషయం కాదు. హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాడు అక్కడ ఎంత దూరంలో ఉన్నాడో ముందు అడుగు. ఇక్కడ పొద్దున ఇస్తే సాయంత్రానికి ఫోన్ చేసి కాఠిన్యం తేడా వచ్చిందని చెబుతాడు. అక్కడ లారీలో పంపి వారం ఆగాల్సి వస్తే నీ ఓనరు లాభం ఆ లారీలోనే పోతుంది. రెండోది, ఇదే గన్ డ్రిల్లింగ్ ఇంకెవరికి పనికొస్తుందో చూడు. విమాన ఇంజన్ల భాగాలకు, ఆస్పత్రి సర్జరీ పనిముట్లకు కావాలి. ఆ కంపెనీలు ఇదే రాష్ట్రంలో ఉన్నాయి. తుపాకుల సగం ఆర్డర్లు పోతే మిగతా సగం పెంచే ఆలోచన ఓనరుకు ఉందా, లేక కస్టమరు తోక పట్టుకుని పోవడమే ప్లానా?

లేత్_మిషన్
విమాన భాగాలకు క్వాలిటీ సర్టిఫికెట్ కావాలి, ఖర్చు ఎక్కువ అని ఎప్పుడూ వాయిదా వేస్తాడు.

చేతిపని_చంద్రం
ఆ వాయిదా ఖర్చు ఇప్పుడు కట్టబోతున్నాడు.

హార్ట్‌ఫర్డ్_అల్లుడు
వెళ్లే పనైతే కాగితాలు సరిగ్గా చూసుకోండి. తరలింపు ఖర్చులు ఇస్తాం అంటారు, రెండేళ్లలోపు మానేస్తే వెనక్కి కట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాళ్లే తీసేస్తే కట్టక్కర్లేదని రాయించుకోండి. కస్టమరుతో మీ ఓనరుకు ఎన్నేళ్ల ఒప్పందం ఉందో కూడా అడగండి. ఒప్పందం లేకుండా షెడ్డు కొంటున్నాడంటే మీరు ఆగడం మంచిది.

టెన్నెసీ_టమాటా
ఆదాయపన్ను లేదని పొంగిపోవద్దు. ఇక్కడ బియ్యం, పప్పు మీద కూడా అమ్మకపు పన్ను ఉంది. ఇళ్ల ధరలు కరోనా తర్వాత బాగా పెరిగాయి. అయినా మీ అక్కడి కంటే తక్కువే. మీ ఆవిడ నర్సు అయితే టెన్నెసీ కాంపాక్ట్ రాష్ట్రం (నర్సుల లైసెన్సును రాష్ట్రాలు పరస్పరం ఒప్పుకునే ఒప్పందంలో ఉంది), లైసెన్సు సులువు. ఇండియన్ స్టోర్లు నాక్స్‌విల్‌లో ఉన్నాయి, గోంగూర మాత్రం శనివారం పొద్దున్నే వెళ్తేనే దొరుకుతుంది.

లేత్_మిషన్
నర్సు కాదు, ల్యాబ్ టెక్నీషియన్. టెన్నెసీలో వాళ్లకు వేరే లైసెన్సు ఉంటుందట కదా?

టెన్నెసీ_టమాటా
ఉంటుంది, మెడికల్ ల్యాబ్ బోర్డు అని వేరే ఉంది. మా వదిన అదే పనిలో ఉంది, రేపు అడిగి చెప్తా. ముందు ఓనరును ఆ ఒప్పందం సంగతి అడుగు.